కెమెరాకి కితకితలు

డాక్టరు నిజానికి డాక్టరు కాదు, కెమెరాలు బాగుచేసే మనిషి. ఒక కంటికి బిగించుకున్న భూతద్దం, బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ, దాని మీద వరసగా పేర్చిన సన్నటి పనిముట్లు చూసి ఆ పేరు పెట్టింది అన్నయ్యే. "పేషెంటు కోలుకుందా డాక్టరుగారూ?" అంటూ కొట్లో అడుగుపెట్టేవాడు. అన్నయ్య పోయాక, ఈసారి ఆ మాట అనేవాళ్ళు లేరు. చెల్లెలు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

డాక్టరు లెన్సు విప్పి పక్కన పెట్టాడు. కెమెరాని బోర్లించి పట్టుకుని, రబ్బరు బంతి నొక్కి లోపలికి గాలి కొట్టాడు.

"చూశావా, మూతి కిందికి ఉండాలి. రాలిన దుమ్ము కిందికే పోతుంది. నోటితో మాత్రం ఎప్పుడూ ఊదకు చెల్లెమ్మా. తుంపర పడిందంటే ఆ మచ్చ ప్రతి ఫోటోలోనూ అదే చోట కూర్చుంటుంది."

"ఆ మచ్చలు దిద్దేదాన్ని నేనేగా, నాకు తెలియదా!" అందామె.

"దిద్దడం వేరు, తీయడం వేరు. బ్యాటరీలు రెండూ నింపుకో. కార్డుని కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే ఖాళీ చెయ్యి. వెనక తెర మీద బొమ్మ చూసి మురిసిపోకు, అది అందరినీ పొగుడుతుంది." ఆయన కెమెరా నెత్తిన ఉన్న చక్రాన్ని వేలితో తట్టాడు. "ఇక్కడ ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయి కదా. ఇవి మీ అన్నయ్య సొంతంగా అమర్చి దాచుకున్న సెట్టింగులు. ఒకటి బాగానే ఉంది. రెండూ మూడూ చూస్తే..." కాస్త నసిగాడు. "వెలుగు మరీ ఎక్కువ పెట్టేశాడు. చూపు మందగించాక చెయ్యి ఎక్కడో పడి ఉంటుంది పాపం. అన్నీ చెరిపేసి కొత్తదానిలా చేసి ఇవ్వనా?"

ఆమె చక్రం వైపు చూసింది. మూడో అంకె దగ్గర రంగు అరిగిపోయి ఉంది.

"స్కూలు పని అయ్యేదాకా ఉండనివ్వండి. ఒకటితోనే తీసుకుంటాను. అయ్యాక కెమెరా మీకే ఇచ్చేస్తాను, అప్పుడు చెరిపేయండి."

"ఆలోచించుకునే చెప్తున్నావా? కెమెరా కొంటానని అడిగినాయన సిద్ధంగా ఉన్నాడు. ఒకసారి చెరిపితే మళ్ళీ రాదు."

"నేను తీసే మనిషిని కాదండీ," అందామె. "దిద్దే మనిషిని."

అది నిజమే. స్టూడియోలో అన్నయ్య తీసేవాడు, ఆమె దిద్దేది. ఆయన కెమెరా వెనక, ఆమె కంప్యూటర్ ముందు. మధ్యలో ఒక తెర. ఏటా వచ్చే స్కూలు పిల్లల గుర్తింపు కార్డుల పని ఈ ఏడు వద్దందామనుకుంది. "మీరే వచ్చి తీయండమ్మా, పిల్లలు మీ స్టూడియోకే అలవాటు పడ్డారు" అని హెడ్మిస్ట్రెస్ మెత్తగా అడిగేసరికి కాదనలేకపోయింది. ఇది ఒక్కటీ ముగించి, కెమెరా అప్పగించి, స్టూడియోకి తాళం వేసి, ఇంకెక్కడైనా దిద్దే పని చూసుకోవాలని మనసులో గట్టిగా అనుకుంది.

*

స్కూల్లో లైబ్రరీ గది ఇచ్చారు. ఎడమవైపు పెద్ద కిటికీ, ఎదురుగా తెల్లగోడ. ఆమె కిటికీకి పలచటి తెర కట్టింది. రెండోవైపు పుస్తకాల బీరువాకి తెల్లటి థర్మాకోల్ అట్ట ఆనించింది. కిటికీ వెలుగు అట్టకి తగిలి తిరిగొచ్చి, ముఖంలో నీడపడే వైపు కాస్త తెరిపిస్తుంది. గోడకి స్టూలు మరీ దగ్గరగా ఉంటే వెనక నీడ పడుతుందని రెండడుగులు ముందుకి జరిపింది. ఇవన్నీ అన్నయ్య చేస్తుంటే చూసినవే. స్టాండు మీద కెమెరా బిగించి, చక్రాన్ని ఒకటి మీద పెట్టింది. చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది.

మొదట అయిదో తరగతి వచ్చింది.

"ఫోటో అత్తయ్యా, ఇటు చూడాలా, అటు చూడాలా?" అన్నాడు మొదటివాడు.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ ఆయన్ని ఫోటో మావయ్య అన్నారు," అంది తలుపు దగ్గర నిలబడ్డ క్లాసు టీచరు. "మావయ్య చెల్లెలు అత్తయ్య ఎలా అవుతుందిరా?"

వరసలో గుసగుసలు మొదలయ్యాయి. వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఎవరో అరిచారు. "పిన్ని! పిన్ని అవుతుంది టీచర్!"

"అమ్మయ్య, లెక్కల్లో లేకపోయినా వరసల్లో తెలివుంది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కంటిమీదికి ఫోకస్ తెచ్చి మీట నొక్కింది. "అయిపోయింది నాన్నా, లే."

వాడు లేవలేదు. ఇంకా ఏదో జరగాల్సి ఉన్నట్టు కెమెరా వైపే చూశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఓ," అని దిగిపోయాడు.

తర్వాతి పిల్లా అంతే. ఆ తర్వాతివాడూ అంతే. మీట నొక్కాక కూడా ఒక్క క్షణం కూర్చుని, ఆమె చేతుల వైపు చూసి, ఉసూరుమంటూ లేస్తున్నారు. అన్నయ్యకి నవ్వించడం వచ్చు, తనకి రాదు, అదే అయి ఉంటుందనుకుంది. కాలర్లు సర్దింది, చెదిరిన జుట్టు వెనక్కి తోసింది, కళ్ళు మూసినవాళ్ళని మళ్ళీ తీసింది. రెండు జడల పిల్ల ఒకతి స్టూలెక్కి, గడ్డం కొంచెం ఎత్తి, పెదవులు బిగించి కూర్చుంది. "నవ్వమ్మా" అంటే బుగ్గలు మాత్రం కదిలించింది. "అయిపోయింది" అనగానే ఆ పిల్ల కూడా చక్రం వైపే చూసింది. ఆమె అది చూసింది కానీ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం స్టూడియోలో బొమ్మలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇక్కడి పని చేతులకి తెలుసు. మొదటివాడి ముఖం తీసుకుని రంగు సరిచేసింది, వెలుగు ఒక వెంట్రుకవాసి పెంచింది, ఆ దిద్దుబాటునే మిగతా అన్నిటికీ ఒక్క నొక్కుతో అంటించింది. అందరివీ ఒకేలా రావాలంటే అదే దారి. గోరంత బొమ్మలుగా పరిచి, ఎవరి కళ్ళైనా మూసుకున్నాయా, ఎవరి తలైనా పక్కకి ఒరిగిందా అని చూసింది. తెర ధగధగలాడుతోంది. అన్నీ బాగానే కనిపించాయి. కాగితాల మీద నమూనాలు అచ్చు వేసింది.

*

మర్నాడు క్లాసులో టీచరు ఆ కాగితాలు కత్తిరించి ఎవరివి వాళ్ళకి పంచుతుంటే, చెల్లెలు నల్లబల్ల పక్కన నిలబడి ఉంది. పిల్లలు ఒకరి బొమ్మ ఒకరు లాక్కుని చూసుకుంటున్నారు.

"నీ చెవులు చూడరా, తలుపులు తీసినట్టున్నాయి!"

"నీ మొహానికి నా చెవులే నయం."

అంతలో వెనక బెంచీ నుంచి ఒక గొంతు. "టీచర్! దీని ఫోటోలో కరెంటు పోయింది!"

క్లాసంతా గొల్లుమంది. రెండు జడల పిల్ల చేతిలోని బొమ్మ వంకే చూస్తోంది. తెల్లగోడ ఉంది, తెల్లచొక్కా ఉంది, వాటి మధ్య ముఖం ఉండాల్సిన చోట ఒక ముద్ద నలుపు. అందులో కళ్ళ మెరుపు రెండు చుక్కలు. ఆ పిల్ల బొటనవేలు తీసుకెళ్ళి ముఖం మీద పెట్టింది. సరిగ్గా ముఖమంతే ఉంది ఆ వేలు. ఇంక కాగితం మీద చొక్కా, జడల చివరలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ వేలు అలాగే ఉంచి, బొమ్మని పుస్తకంలో పెట్టి మూసేసింది.

"నోరు మూసుకోండి!" అని టీచరు అందరినీ కసిరి, ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మంచి పిల్లండీ. ఏడాదంతా మెళ్ళో వేసుకు తిరగాల్సిన కార్డు కదా. కంప్యూటర్లో కాస్త తెల్లగా చేసేయండి."

ఆ మాటలో చెడేమీ లేదు. దయగానే అంది. అయినా చెల్లెలికి ఎక్కడో కలుక్కుమంది. ఆ పిల్ల వేలు పుస్తకం మధ్యలో ఇంకా అలాగే ఉంది.

"అలాగేనండీ, నేను చూస్తాను," అంది.

*

చూసింది. తెర వెలుగు సగానికి తగ్గించి చూస్తే కాగితం మీద ఉన్నదే తెర మీదా కనిపించింది. నిన్న మోసపోయింది అక్కడే. ముఖం వరకూ ఎంచి వెలుగు పైకి లాగింది. ముఖం పైకి రాలేదు, బూడిదబారింది. చెంపల మీద ఇసక చల్లినట్టు రవ్వలు లేచాయి. రవ్వలు పోవాలని నునుపు చేస్తే బొమ్మల కొట్లో ప్లాస్టిక్ బొమ్మ అయింది. రంగు వెచ్చగా చేసింది, వెనక్కి తీసింది, మళ్ళీ మొదటినుంచి చేసింది. స్కూలు ఫోటోలు చిన్నవే కదా అని తక్కువ చోటు పట్టే రకంలో తీసింది. అందులో చీకట్లో దాగినది ఉంటే కదా బయటికి లాగడానికి. ఆ ముఖం మీద వెలుగు కెమెరాలోకే రాలేదు. రానిదాన్ని తను ఎక్కడినుంచి తెస్తుంది?

కుర్చీలో వెనక్కి వాలింది. గల్లాబల్ల అద్దం కింద ఎప్పటిదో తన ఫోటో ఉంది. స్టూడియో అనుమతి కార్డు కోసం అన్నయ్య తీసింది. ఎదురుగా ఏళ్ళుగా ఉన్న వస్తువు కదా, చూపు దాని మీద పడి జారిపోయింది.

కంప్యూటర్లో పోయినేడాది బొమ్మల ఫోల్డరు తెరిచింది. నాలుగో తరగతి. రెండు జడల పిల్ల ముందు పంటి స్థానంలో సందుతో, నోరంతా తెరిచి నవ్వుతోంది. నలుపు నలుపుగానే ఉంది. కానీ చెంప ఎముక మీద కిటికీ వెలుగు తడిగా మెరుస్తోంది, ముక్కు పక్కన మెత్తటి నీడ, కంటిపాపలో బుల్లి కిటికీ. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనక గోడ మాత్రం పూర్తిగా కొట్టుకుపోయి కాగితంలో కలిసిపోయింది.

ఆ గోడలు ఆమెకి బాగా గుర్తు. ప్రతి ఏడూ కొన్ని బొమ్మల్లో గోడ ఇలాగే పోయేది. గోడని విడిగా ఎంచి, కొంచెం బూడిదరంగు అద్ది మిగతావాటితో కలిపేది. "మళ్ళీ చెయ్యి జారిందా అన్నయ్యా?" అనేది. ఆయన టీ తాగుతూ నవ్వేవాడు.

బొమ్మ వివరాలు నొక్కింది. వెలుగు సర్దుబాటు చాలా పైకి జరిపి ఉంది. అది చక్రం మీద మూడో అంకె. దాని పక్క బొమ్మలో పిల్లాడిది ఒకటి. ఇంకో చామనఛాయ పిల్లది రెండు. మళ్ళీ ఒకటి. మళ్ళీ మూడు. ఆమె ఒక్కో ముఖం, దాని వివరాలు చూసుకుంటూ పోయింది. చెయ్యి జారితే ఎవరి ముఖం దగ్గర జారాలో చేతికి తెలియదు. ఇక్కడ ఒక్కచోట కూడా తప్పలేదు.

కెమెరాకి ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. తెల్లగోడ, తెల్లచొక్కా కనిపిస్తే అబ్బో ఎంత ఎండ అనుకుని వెలుగు తగ్గించేసుకుంటుంది. ఆ తగ్గించినదంతా పోయి నల్లటి ముఖం మీద పడుతుంది. కాదు, ఇక్కడ ఎండ లేదు, పిల్ల ఉంది అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆయన చెప్పాడు.

ఆమె లేచి కెమెరా సంచి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

*

మర్నాడు స్కూలు మొదలవగానే వెళ్ళి, నమూనాల్లో ముఖాలు చీకటైన కొంతమందిని మళ్ళీ పంపమని క్లాసు టీచరుని అడిగింది. కిటికీ తెర కట్టి, అట్ట ఆనించి, తలెత్తేసరికి ఆ పిల్లలు లైబ్రరీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. తమను ఏం చూసి ఏరి పంపారో ఆ చూపుల్లోనే అందరికీ తెలిసిపోయింది.

"కరెంటు పోయినవాళ్ళమంతా వచ్చాం పిన్నీ," అన్నాడు ఒకడు. వాడే నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వలేదు.

చెల్లెలు బాగుచేద్దామని వచ్చి ఎంత పని చేసింది! ఆ పిల్ల వేలు పెట్టి దాచుకున్నదాన్ని తను గుమ్మంలో వరసగా నిలబెట్టింది.

రెండు జడల పిల్ల ముందుకొచ్చి స్టూలు ఎక్కింది. కాసేపు ఆమెనే చూసింది. అందులో కోపం లేదు, అడగాలా వద్దా అన్న తటపటాయింపు ఉంది.

"పిన్నీ, మీరు కూడా మాలాగే ఉన్నారు కదా. మీ ఫోటో ఎలా వస్తుంది?"

"బాగానే వస్తుందమ్మా," అందామె అలవాటుగా.

అనేశాక ఆ మాట చెవిలో ఉండిపోయింది. బాగానే వస్తుంది. చిన్నప్పటినుంచీ ప్రతి ఫోటోలో బాగానే వచ్చింది. ఒక్కటైనా అన్నయ్య కాకుండా ఇంకొకరు తీసింది ఉందా?

కెమెరా మీద చెయ్యి వేసింది. బొటనవేలు చక్రాన్ని తిప్పింది. టిక్, టిక్. ఒకటినుంచి మూడుకి.

స్టూలు మీద పిల్ల ముఖం విచ్చుకుంది. "కితకితలు!"

"ఏంటి?"

"మావయ్య పెట్టేవాడు కదా, కెమెరాకి కితకితలు!" గుమ్మంలోని పిల్లలంతా ఒక్కసారి లోపలికి తోసుకొచ్చారు. "కూర్చోగానే 'ఉండు, దీనికి కితకితలు పెడతాను, అది ముందు నవ్వితే నువ్వు ఓడిపోయినట్టు' అనేవాడు. టిక్కు టిక్కుమని నవ్వేది. మొన్న మీరు పెట్టలేదు. అందుకే బాగా రాలేదు."

"మీకు పెట్టేవాడా?"

"అందరికీ పెట్టేవాడు! పాలడబ్బాకి కూడా." పాలడబ్బా అంటే వాళ్ళ క్లాసులో తెల్లగా బొద్దుగా ఉండే పిల్లాడు. "వాడికైతే బోలెడు. టిక్కు టిక్కు, టిక్కు టిక్కు, అటూ ఇటూ. వాడు లావు కదా, ఎక్కువ పెట్టాలనేవాడు."

అటూ ఇటూ. ఆమె చక్రం వంకే చూస్తూ ఉండిపోయింది. ఒకటినుంచి మూడుకి వెళ్ళి, మళ్ళీ ఒకటికి రావాలి. అవసరం లేనివాడి దగ్గర కూడా ఉత్తినే తిప్పాడు. ఎవరి దగ్గర నిజంగా తిప్పుతున్నాడో ఎవరికీ తెలియకూడదని, ఏళ్ళ తరబడి, ప్రతి పిల్లకీ ప్రతి పిల్లాడికీ, నవ్వుతూ తిప్పాడు. తనకి కూడా తెలియలేదు. తన పక్కన కూర్చుని టీ తాగుతూ కూడా చెప్పలేదు.

"ఒక్క నిమిషం ఉండండమ్మా," అని పిల్లలతో చెప్పి, చరచరా క్లాసుకి నడిచింది.

"టీచర్‌గారూ, అందరినీ పంపండి."

"అందరినా? మిగతావాళ్ళవి బాగానే వచ్చాయిగా?"

"వచ్చాయండీ. నేనే ఒక పని మర్చిపోయాను." ఆమె క్లాసు వైపు తిరిగింది. "మొన్న కెమెరాకి కితకితలు పెట్టలేదు. అందరివీ మళ్ళీ తీయాలి."

"హే!" అని క్లాసు క్లాసంతా బెంచీల మీంచి లేచింది.

ఆ పూట లైబ్రరీ గది గదిలా లేదు. పాలడబ్బా వచ్చి కూర్చుంటే టిక్కు టిక్కు అటు, టిక్కు టిక్కు ఇటు. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కరెంటు పోయిందని అరిచిన వెనక బెంచీవాడికి రెండు వద్ద ఆపింది. వాడి నమూనా కూడా కాస్త మసగ్గానే వచ్చింది, ఆ గోలలో ఎవరూ చూడలేదు. ఆమెకి మీట నొక్కడం కన్నా చక్రం తిప్పడమే ముందు చేతికొచ్చింది. ముఖం చూడటం, వేలు కదపడం, మాట కలపడం మూడూ ఒక్కసారి జరగాలి. మొదట్లో తడబడింది, పోగా పోగా కుదిరింది. మూడో అంకె దగ్గర రంగు ఎందుకు అరిగిందో ఆమె వేలికి తెలిసింది.

రెండు జడల పిల్ల వరస మధ్యలో ఎక్కడో వచ్చింది. టిక్, టిక్. "అది ముందు నవ్వింది!" అని చప్పట్లు కొట్టింది ఆ పిల్ల. ఆ క్షణాన మీట నొక్కింది ఆమె.

*

కార్డులు పంచిన రోజు ఆ పిల్ల తన కార్డుని రెండు చేతులతో అంచులు పట్టుకుని చూసింది. వేళ్ళు ముఖం మీద పడకుండా జాగ్రత్తగా పట్టుకుంది. తర్వాత మెళ్ళో వేసుకుని, తిరగబడితే సరిచేసుకుంటూ బెంచీ దగ్గరికి పోయింది. ఇంతే జరిగింది. చెల్లెలికి అది చాలనిపించింది.

సాయంత్రం డాక్టరు స్టూడియోకి వచ్చాడు. ఆమె మిగతా తరగతుల బొమ్మలు కత్తిరిస్తోంది. ఆయన ఒకటి తీసుకుని అలవాటుగా భూతద్దం కిందికి తెచ్చుకున్నాడు.

"కంటి దగ్గర ఎంత పదునుగా వచ్చింది! పిల్ల పలకరించేలా ఉంది. కానీ వెనక గోడ చూడు చెల్లెమ్మా, మొత్తం కొట్టుకుపోయింది. రెండూ మూడూ తప్పని ఆ రోజే చెప్పానా?"

ఆమె కత్తెర పక్కన పెట్టింది. గల్లాబల్ల అద్దం కింద తన ఫోటో ఎప్పటిలాగే ఉంది. ఈసారి చూపు జారలేదు. నల్లటి ముఖం, నుదుటి మీద మెరుపు, నవ్వాపుకుంటున్న పెదవులు. వెనక గోడ జాడ లేదు. ఈ ఫోటో చూసి తను ఎంత గొడవ చేసింది. గోడంతా మింగేశావేంటి అన్నయ్యా, కాస్త చూసుకోవద్దా అని. టీ గ్లాసు అంచు మీంచి చూస్తూ అన్నయ్య అన్న మాట ఇప్పుడు, ఇంతకాలానికి, పూర్తిగా వినబడింది.

"గోడకి కార్డు అక్కర్లేదు కదండీ," అని ఆ మాటే తనూ అంది.

డాక్టరు ఒకసారి బొమ్మనీ, ఒకసారి ఆమెనీ చూశాడు. అద్దం కింద ఫోటో మీదికి కూడా ఆయన చూపు వెళ్ళింది. భూతద్దం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దొంగ," అన్నాడు చివరికి. "నా దగ్గర కూడా దాచాడు."

ఆమె కెమెరా అందుకుని మెళ్ళో పట్టీ వేసుకుంది. రేపు ఆరో తరగతి ఉంది, బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టాలి.

"మరి కెమెరా అడిగినాయనకి ఏం చెప్పమంటావు?"

"పేషెంటు కోలుకుందని చెప్పండి డాక్టరుగారూ."